చెరుకుగడ మార్కు రికార్డులు: లచ్చవ్వ పాట, నా తప్పులు

నిజామాబాద్‌లో ఇప్పుడు వీధికో రికార్డింగ్ గది ఉంది. వాటిని నడిపే యువకులు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "సార్, మీ కాలంల ఏ మైకు వాడేటోళ్లు?" అని అడుగుతారు. దొరికిన మైకు వాడేవాళ్లం. దాని ముందు ఎవరిని నిలబెట్టాం, నిలబెట్టి వాళ్ల నోట ఏం పలికించాం అని ఎవరూ అడగరు. మా వృత్తిలో కష్టమంతా అక్కడే ఉంది. నేను చెడగొట్టింది కూడా అక్కడే. అందుకే తప్పులే రాస్తున్నాను. ఒప్పులు కావలసినవాళ్లు నా సన్మాన పత్రాలు చదువుకోవచ్చు. ఒకదాంట్లో నన్ను 'నాదబ్రహ్మ' అన్నారు. నాకు ఈనాటికీ సరిగమలు వరసగా రావు.

దుకాణం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు నేను మైక్ సెట్లు కిరాయికిచ్చే దుకాణం పెట్టాను. పెళ్లిళ్లకు, ఉర్సులకు, మీటింగులకు మా హారన్లే వెళ్లేవి. భాగస్వామి ఖాజా భాయ్ రేడియో మెకానిక్. ఆయన చేతిలో పడితే చచ్చిన రేడియో కూడా కనీసం గురక పెట్టేది. కొన్నేళ్లకు ఆయన, బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర జర్మనీ టేప్ రికార్డర్ కొన్నాడు. పెద్ద పెద్ద చక్రాల మీద టేపు తిరిగే రకం. ఇద్దరం మోసినా మధ్యలో రెండుసార్లు దించాల్సిన బరువు.

దాన్ని దుకాణంలో పెట్టి ఖాజా భాయ్ అన్నాడు: "గంగాధర్ భాయ్, దునియాల అందరి పాటలు మన హోటల్లల్ల ఇనబడ్తయి. మన పాట ఏ హోటల్ల ఇనబడ్తున్నది?"

జవాబు లేదు కనుక కంపెనీ పెట్టాం. పాట ఇక్కడ టేపు మీద ఎక్కించి బొంబాయికి పంపితే, అక్కడ ఒక ఫ్యాక్టరీవాళ్లు ప్లేట్లు చేసి, గడ్డి పరిచిన చెక్కపెట్టెలో రైలుకు వేసేవారు. మా వైపు రికార్డును ప్లేటు అనేవాళ్లు. బోధన్ చుట్టూ అంతా చెరుకే కాబట్టి 'చెరుకుగడ మార్కు' అని పేరు పెట్టాం. బొమ్మ గీసింది సినిమా హాలు బోర్డులు రాసే పెయింటర్. ఆ బొమ్మను కొందరు పామన్నారు, కొందరు పిల్లనగ్రోవి అన్నారు. బోధన్ రైతు ఒక్కడే చెరుకని గుర్తుపట్టి, "పురుగు వట్టిన గడ గిది" అన్నాడు.

స్టూడియో అంటే గంజ్ మార్కెట్టు వెనక ఉన్న పసుపు గోదాము. నాలుగు వైపులా బస్తాలు కప్పుదాకా ఉండేవి కాబట్టి గొంతు గోడలకు తగిలి తిరిగి వచ్చేది కాదు. మధ్యాహ్నం తూకాలు అయిపోయాక సేటు తాళంచెవి ఇచ్చేవాడు. ఒక్కటే ఇబ్బంది, పసుపు దుమ్ము. మా మొదటి టేపుల్లో పాటకంటే తుమ్ములు స్పష్టంగా ఉన్నాయి.

శుద్ధి చేసిన పాట

లచ్చవ్వ పాట నేను మొదట విన్నది బోధన్ బాటలో ఒక పల్లెలో. పెళ్లికి హారన్లు కట్టడానికి పోయాను. పక్క పొలంలో నాట్లు పడుతున్నాయి. ఒక నలభయ్యేళ్ల మనిషి నడుము వంచి నాటు వేస్తూ పాట ఎత్తుకుంటోంది, ముగ్గురు ఆడవాళ్లు అందుకుంటున్నారు. ఆవిడ గొంతు నా నాలుగు హారన్లకంటే దూరం పోతోంది. పెళ్లివాళ్లు కేకలేసేదాకా నేను గట్టుమీదే ఉండిపోయాను.

వారం తిరక్కుండా ఆ నలుగురినీ బస్సెక్కించి గోదాముకు తెచ్చాం. ఇక్కడే నా మొదటి తప్పు. నాకు పాట నచ్చింది గాని మాట నచ్చలేదు. అసలు సంగతి చెప్పాలంటే సిగ్గనిపించింది. ఆ రోజుల్లో మా మాట వింటే ఆఫీసుల్లో, బడుల్లో ముసిముసిగా నవ్వేవాళ్లు. రికార్డు మీద 'సూడు', 'గట్ల' అని వస్తే రాష్ట్రమంతా నవ్వుతుందని నా భయం. మా రికార్డు రాష్ట్రమంతా వెళ్తుందని నమ్మినవాణ్ని నేనొక్కణ్నే, అది వేరే సంగతి.

అందుకని బయటి జిల్లా నుంచి వచ్చి మా హైస్కూల్లో పనిచేస్తున్న తెలుగు పండితులవారిని పిలిచాను. ఆయన మంచివారు. చెడ్డవారైతే నేను ఆయన మాట వినకపోదును.

"అమ్మా, 'సూడు' అనకూడదు. 'చూడుము' అనవలెను" అన్నారు లచ్చవ్వతో.

"చూడుము" అంది లచ్చవ్వ, చేదుమందు మింగినట్టు.

"'వాన వస్తున్నది' బదులు 'వర్షము కురియుచున్నది' అందాం."

"మాస్టరూ, గంత పొడుగు మాట అనేసరికి వాన ఎల్లిపోతది" అంది ఆవిడ. మేమందరం నవ్వాం. నవ్వి, పండితులవారు చెప్పినట్టే పాడించాం.

ప్లేట్లు వచ్చాయి. బోధన్‌లో ఒక హోటలాయన పెట్టి విని, "ఎవరు గంగాధర్ సాబ్, కొత్తగ వచ్చిన పంతులమ్మా?" అని అడిగాడు. చదువుకున్నవాళ్లు పల్లెపాట కదా అని కొనలేదు. పల్లెవాళ్లు బడిపాఠం కదా అని కొనలేదు. పండితులవారు మాత్రం నాలుగు కొని బంధువులకు పంపారు.

రాజలింగం పటేల్ కీర్తి

ఆ ప్లేటు వల్ల ఒక గిరాకీ వచ్చింది. లచ్చవ్వ ఊరి రాజలింగం పటేల్. చెరుకు తోటలు, రోడ్డు కాంట్రాక్టులు, ఒక జీపు ఉన్నవాడు. లచ్చవ్వ కైకిలికి, అంటే కూలిపనికి, పోయేది ఆయన చేన్లలోకే. అసెంబ్లీ ఎలక్షన్లో ఏ పార్టీ లేకుండా సొంతంగా నిలబడ్డాడు.

"గంగాధరూ, నా మీద ఒక ప్లేటు తియ్యాలె. మా లచ్చవ్వతోనే పాడియ్యి. మా ఊరిదే పాడితె జనం నమ్ముతరు" అన్నాడు.

పాట పండితులవారే రాశారు.

*బాటలు వేసెను రాజలింగము*
*బావులు త్రవ్వెను రాజలింగము*
*బడులను కట్టెను రాజలింగము*
*పల్లెకు వెలుగై వచ్చెను కనుము*

ఆ బాట పటేల్ తోటదాకా వెళ్లి ఆగుతుందని నాకు తెలుసు. ఆ బడికి గోడలు లేచాయి గాని కప్పు లేవలేదని కూడా తెలుసు. పాడేవాళ్లు పాడతారు, మిషన్ పట్టుకుంటుంది, మధ్యలో నాదేం పాపం అనుకున్నాను. మా వృత్తిలో చాలామంది ఈ మాటమీదే ముసలివాళ్లయ్యారు.

లచ్చవ్వకు చదువు రాదు. పండితులవారు రెండుసార్లు చదివితే పాటంతా వచ్చేసింది. తర్వాత అడిగింది: "మాస్టరూ, గీ బాట ఏడున్నది?"

"అమ్మా, అది కవిత్వంలోని బాట. వెతకకూడదు" అన్నారాయన.

ఆవిడ వెంట వచ్చిన ముగ్గురి వైపు చూసి, "మంచిది. గని ఎనక అందుకునేటోళ్లకు గూడ ఏదన్న మాట ఉండాలె గద" అంది.

"'అవును అవును' అనండి."

"ఒట్టి అవును అంటె దరువుకు కూసుంటలేదు. 'అవునట వదినే అవునట' అంటం. ఇనుండ్రి." పాడి చూపించింది. నిజంగానే బాగా కుదిరింది.

పండితులవారు కళ్లు మూసుకుని తలాడించారు. "'వదినే' అన్నది జానపద శోభ. ఇక 'అట' పాదపూరణం. ఉండనిద్దాం."

రికార్డింగు ఒక్క తుమ్ము లేకుండా సాగింది. లచ్చవ్వ 'బాటలు వేసెను రాజలింగము' అని నిండుగా ఎత్తుకుంటుంది, ముగ్గురూ 'అవునట వదినే అవునట' అని అందుకుంటారు. మొహాలు గుళ్లో దండం పెడుతున్నంత గంభీరంగా ఉన్నాయి. పాట అయిపోగానే ముగ్గురూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పసుపు ఘాటనుకున్నాను.

ఖాజా భాయ్ చెవులకున్న హెడ్‌ఫోను తీసి, "భాయ్, గీ 'అట' ఏంది?" అని అడిగాడు.

"పాదపూరణం."

"అంటె?"

"పాటల ఖాళీ జాగ నింపేది."

"గట్లనా. నాకైతె నిండిన జాగను ఖాళీ చేసినట్టు ఇనబడ్డది."

ఆయన ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. తెలుగు నాకంటే ఆయనకు బాగా వచ్చునని నేను ఆ రోజు ఒప్పుకోలేదు.

ఊరూరా అందుకున్నారు

ప్రచారానికి పటేల్ జీపు మీద మా హారన్లే కట్టాం. నేనూ వెంట ఉన్నాను. తన ఊళ్లో మాత్రం జీపు తిప్పనివ్వలేదు. "మా ఊరి ఓట్లు యాడికి పోతయి? పెట్రోలు దండుగ" అన్నాడు.

మొదటి ఊళ్లో జనం వాకిళ్లలోకి వచ్చి ఊరికే విన్నారు. రెండోసారి పాట తిరుగుతుండగా, బిందె ఎత్తుకోబోతున్న ఒక ముసలవ్వ ఆగి, "అవునట!" అంది. చుట్టూ ఉన్నవాళ్లు కిందామీదా పడి నవ్వారు. రెండో ఊళ్లో సగంమంది అందుకున్నారు. మూడో ఊరికి మాకంటే ముందు పాట చేరింది. ప్లేటు మీద లచ్చవ్వ 'బావులు త్రవ్వెను' అనగానే ఊరు ఊరంతా "అవునట వదినే అవునట" అని హోరెత్తించింది. పటేల్ తవ్వించిన నీళ్లు లేని బావి ఆ ఊళ్లోదే.

పటేల్ జీపులో నిలబడి రెండు చేతులూ జోడించాడు. కళ్లు చెమర్చాయి. "సూసినవా గంగాధరూ, జనం నోట్ల నా పేరు ఎట్ల ఆడుతున్నదో!"

నేను ఆంప్లిఫయరు వైపు తిరిగి, తిప్పనక్కరలేని మీట ఒకటి తిప్పాను. నాకు అప్పటికి అర్థమైంది. ఆయనకు చెప్పే ధైర్యం లేదు. ఆయన పక్కనున్న పదిమందిలో ఎవరికీ లేదు.

ప్లేటుకు గిరాకీ పెరిగింది. మేం బొంబాయికి మళ్లీ రాయాల్సి వచ్చింది. ఎవరు కొంటున్నారో మేం అడగలేదు. బోధన్ అంగడి రోజున తెలిసింది. పటేల్ జీపుకు ఎదురుగా పోటీ అభ్యర్థి జీపు వచ్చింది. దాని మీదా హారను, హారన్లో మా ప్లేటే. రెండు జీపుల్లోంచీ అదే పొగడ్త, ఒకటి అర చరణం వెనకగా.

పటేల్ మొదట సంతోషపడ్డాడు. "గాళ్లు గూడ ఒప్పుకున్నరు!"

అక్కడ ఉల్లిగడ్డలు అమ్ముతున్న మరాఠీ ఆవిడకు, అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు. పక్కనున్న బేరగాణ్ని అడిగింది. అతను ఆ గోలలో వినబడేట్టు చేతులు నోటి చుట్టూ పెట్టి అరిచాడు: "మ్హణే! 'అవునట' అంటె 'మ్హణే'!"

మరాఠీలో 'మ్హణే' అంటే మన 'అట' లాంటిదే. నాకు తెలియదు, ఎవరో అన్నారు అని. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. సరిహద్దు దాటి ఎడ్లూ బెల్లమూ బేరం చేసిన పటేల్‌కు మరాఠీ బాగా వచ్చు. సొంత భాషలో పదిహేను రోజులు వినీ అర్థం కానిది, పక్క భాషలో ఒక్క ముక్కతో అర్థమైంది. జోడించిన చేతులు మెల్లగా కిందికి దిగాయి.

గోదాములో పంచాయితీ

మర్నాడు పొద్దున్నే పటేల్ గోదాముకు వచ్చాడు. లచ్చవ్వను జీపులో ఎక్కించుకుని తెచ్చాడు. పండితులవారిని బడి నుంచి పిలిపించాడు.

పండితులవారు పాట కాగితం రెండుసార్లు చూసి, "వ్యాకరణరీత్యా దోషమేమీ లేదు" అన్నారు. అని, బడిగంట వినబడిందని వెళ్లిపోయారు.

పటేల్ లచ్చవ్వ వైపు తిరిగాడు. "నా చేన్ల కైకిలి చేసుకుంట నా మీదనే ఎకసెక్కాలు వాడుతవా?"

లచ్చవ్వ బస్తాలకు ఆనుకుని నిలబడింది. "పటేలా, మాస్టరు రాసిందే పాడిన. ఒక్క మాట మార్వలే. గని మీరు ఏసిన బాట నేను సూడలే. మీరు కట్టిన బడి నేను సూడలే. సూడంది సూసినట్టు పాడితె అబద్ధమైతది. ఇన్నం, ఇన్నట్టు పాడినం. ఇన్నదాన్ని మాదిక్కు 'అట' అంటరు."

ఖాజా భాయ్ ఒక్కడే తల ఎత్తి ఆవిణ్ని చూశాడు.

పటేల్ కొట్టేవాడైతే అప్పుడే కొట్టేవాడు. ఆయన అంతకంటే తెలిసినవాడు. "రేపటిసంది నా చేన్ల అడుగు వెట్టకు" అన్నాడు ఆవిడతో. నాతో, "ఉన్న ప్లేట్లన్ని పగలగొట్టు. నేను సూస్త" అన్నాడు.

గోదాము సేటుకు పసుపు తెచ్చి పోసే రైతులంతా పటేల్ మనుషులే. గోదాము పోతే కంపెనీ పోతుంది. ఇది నేను తర్వాత చెప్పుకున్న కారణం. ఆ క్షణంలో కారణాలేమీ తోచలేదు, భయం వేసింది. ఒక్కో ప్లేటూ తీసి నా చేతులతో బండకేసి కొట్టాను. లక్కప్లేటు కుండపెంకులా పగులుతుంది, పెద్ద చప్పుడు కూడా రాదు. లచ్చవ్వ నావైపు చూస్తోందని తెలుసు. నేను ప్లేట్లవైపు చూశాను. ఖాజా భాయ్ బయటికి వెళ్లి గుమ్మం దగ్గర కూర్చున్నాడు, ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

పటేల్ ఓడిపోయాడు. తన ఓటమికి మా ప్లేటే కారణమని ఆయన చివరిదాకా నమ్మాడు. తన గెలుపుకు ఆ ప్లేటే కారణమని గెలిచినాయన నమ్మాడు. బాట ఉండి ఉంటే ఏ ప్లేటూ ఏమీ చెయ్యలేకపోయేదని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. గెలిచినాయన సన్మాన సభకు మా మైకే. ఆయన లేచి, "ఏడాదిల మీ ఊర్లకు నీళ్లు తెస్త" అనగానే, వెనక వరుసల్లోంచి ఆడవాళ్ల గొంతులు లేచాయి: "అవునట వదినే!" ఆయన కూడా చేతులు జోడించాడు.

వినిపించడం

లచ్చవ్వ ఊరు విడిచి కుటుంబంతో నిజామాబాద్ వచ్చి బీడీలు చేసుకుంటోందని ఖాజా భాయే చెప్పాడు. ఆవిడ వెంట పాడే సాయవ్వ, గంగవ్వ, పోశవ్వ కూడా ఒకరి వెనక ఒకరు వచ్చేశారట. "నువ్వు పోవాలె భాయ్. నేను పోతె నా సలాం ముడ్తది. నీ తప్పు ముట్టది" అన్నాడు. అయినా కొన్ని నెలలు వెళ్లలేకపోయాను.

వెళ్లిన రోజు ఆవిడ చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. నేను నిలబడే చెప్పాను. "అక్కా, ఆ రోజు నేను నోరు తెర్వలే. ప్లేట్లు పగలగొట్టిన. తప్పు చేసిన."

"పగలగొట్టినవు" అంది, ఆకుమీద నుంచి కళ్లెత్తకుండా. "సరే తమ్మీ. గని పగిలింది ఎట్లుండెనో నాకేం ఎరుక? నేనెన్నడన్న ఇన్ననా?"

రెండు ప్లేట్లు తీశాం. మొదటిది అయ్యాక వాళ్లను బస్సెక్కించాం. రెండోది అయ్యాకా బస్సెక్కించాం. ఆ ఊళ్లో గ్రామఫోను ఉన్న ఇల్లు ఒక్కటే, అది పటేల్‌ది. జీపు ఆ ఊరు రాలేదు. బోధన్ అంగడంతా విన్న గొంతును ఆవిడ ఒక్కసారీ వినలేదు. ఇన్నేళ్లూ మైకులు మోసిన నాకు ఆ ఆలోచనే రాలేదు.

"మల్ల పాడు అక్కా. నీ నాటు పాటలు, నీ మాటల్ల. ఏ మాస్టరు రాడు" అన్నాను.

"పాడ్త. బొంబాయికి పంపక ముందు మాకు వినిపియ్యాలె. మా నలుగురికి."

గోదాములో నలుగురూ మళ్లీ పాడారు. ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు కాబట్టి నేను గడియారం చూస్తూ, తొందరగా కానిమ్మని చేతులు ఊపాను. పాట బాగా వచ్చిందనే అనుకున్నాను. మర్నాడు ఆ బరువు మిషన్‌ను రిక్షాలో వాళ్ల గల్లీకి తెచ్చి, మూలమీది ఇరానీ హోటల్ నుంచి ఖాజా భాయ్ వైరు లాగాడు. గల్లీలో ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని వచ్చి కూర్చున్నారు.

టేపు తిరిగింది. సాయవ్వ సిగ్గుతో మొహం దాచుకుంది. గంగవ్వ, పోశవ్వ ఒకరినొకరు గిల్లుకున్నారు. లచ్చవ్వ మాత్రం కదల్లేదు. చేతిలో సగం చుట్టిన బీడీ అలాగే ఉంది. పాట అయిపోయాక నేను పొగడ్త కోసం ఎదురుచూశాను, అది నాకు రావలసిన బాకీ అన్నట్టు.

"గిది పనికి రాదు" అంది లచ్చవ్వ.

"ఎందుకక్కా? గొంతు మంచిగనే వచ్చింది గద!"

"గొంతు సంగతి నాకెందుకు? నడక సూడు. నువ్వు చేతులు ఊపినవు, మేం ఉరికినం. నాటు వేసేటోళ్లు గింత జల్ది అడుగు వెడ్తరా? గీ పాటకు నాటేస్తె వరుసలన్ని వంకర్లు పోతయి. రెండు సరణాలు తీసేద్దాం. ఏం తియ్యాల్నో నేను జెప్త. నడక ముట్టుకోకు."

మళ్లీ పాడారు. మళ్లీ గల్లీకి తెచ్చి వినిపించాం. ఈసారి ఆవిడ తల ఊపింది, టేపు బొంబాయి వెళ్లింది. అప్పటి నుంచి దుకాణం మూసేదాకా పాడినవాళ్లు విని 'సరే' అనందే మా దగ్గర ఏ టేపూ రైలెక్కలేదు. కొందరు నాలుగుసార్లు పాడారు. ఒక సారంగి ఆయన విని, "గిది వద్దు" అని లేచి వెళ్లిపోయాడు. ఆయన్ని ఆపలేదు.

ఆ వానాకాలం నందిపేట్ దగ్గర ఒక రైతు మా ప్లేటు కొన్నాడు. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనును పొలం గట్టుమీద గొడుగు కింద పెట్టి నాట్లు వేయిస్తున్నాడని తెలిసి బస్సెక్కి వెళ్లాను. సాయంత్రం దాకా ఉండి, తిరిగి రాగానే లచ్చవ్వ గల్లీకి పోయాను. ఎంతమంది ఆగి విన్నారో, రైతు ఏమని మెచ్చుకున్నాడో వరసగా చెప్పబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"వరుసలు సక్కగ వచ్చినయా?"

"వచ్చినయి అక్కా."

"మంచిది" అని, తడిపిన ఆకుల కట్ట విప్పి ఇంకో ఆకు తీసుకుంది.